ఫిరంగుల పేరు మీద నిలబెట్టిన రాయి

నేను చేసిన తప్పుల్లో చాలావరకు రబ్బరుతో చెరిగిపోయినవే. డ్రాఫ్ట్స్‌మన్‌ ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే. ఒక్క తప్పు మాత్రం నాలుగున్నర అడుగుల నల్లరాయి అయి టేకులపల్లి అవతల అడవిలో ఒక గుట్ట మీద నిలబడింది. దాన్ని దించడానికి నాకు మూడు రోజులు పట్టింది. చేతికి టేపు రాగానే లోకమంతా కొలిచేశామనుకునే కొత్త ఉద్యోగుల కోసం ఇది రాస్తున్నాను. ఒకప్పుడు నేనూ ఆ బాపతే కాబట్టి మీ మీద నాకు కోపమేమీ లేదు.

పాత కట్టడాలు, శాసనాలు చూసుకునే శాఖలో పనిచేశాను. ఖమ్మంలో మాది రెండు గదుల ఆఫీసు. రెండువేల దశకం మధ్యలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పాత యుద్ధాలు జరిగిన చోట ఫిరంగులను బారుగా నిలిపిన స్థానాలు వెతికి పట్టుకోవాలి, ఒక్కో చోట ఒక్కో గుర్తురాయి నాటాలి, రాయి మీద ఫలానా ఫిరంగి దళం ఇక్కడ నిలిచిందని చెక్కించాలి. మా వంతుకు వచ్చిన వాటిలో ఒకటి అడవి అంచున ఉన్న వాగు రేవు. పూర్వం ఎవరిదో ఫౌజు ఆ రేవు దాటబోతే ఇంకెవరో ఫిరంగులు పెట్టి ఆపారు. ఎవరు ఎవరి మీదికి వచ్చారన్నది ఫైల్లో ఉంది, ఇక్కడ ఆ పంచాయితీ వద్దు. ఫైల్లో లేనిదల్లా ఆ ఫిరంగులు సరిగ్గా ఎక్కడ నిలబడ్డాయన్నది.

వెతికే పని నాకిచ్చారు. సర్వే మ్యాపు ముందేసుకుని ఆఫీసులోనే సగం తేల్చేశాను. రేవుకు తూర్పున ఒక గుట్ట ఉంది. ఎత్తైన చోటు, కింద నీళ్లు, ఫిరంగులు పెట్టాలంటే ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. జీపేసుకుని పోయి గుట్టెక్కి చూస్తే నా అదృష్టం పండింది. రేవు వైపు తిరిగి ఒకే వరసలో తొమ్మిది నిలువు రాళ్లు నాటి ఉన్నాయి. ఫిరంగికీ ఫిరంగికీ మధ్య హద్దురాళ్లు ఇవేనని ఎగిరి గంతేసినంత పని చేశాను.

మా జీపు డ్రైవరు ఇల్లందు మనిషి. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పని చేశాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు, మనుషుల మొహాలు చూసి కూడా అంతే. ఆ రోజు అతను రాళ్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"సారూ, వీట్ల ఒకదానికి గుడ్డపేలిక కట్టున్నది. కిందికి పోయి గూడెంల ఒక మాట అడుగుదమా?"

"మేకలు కాసేటోళ్లు కట్టి ఉంటరు లేవయ్యా. చీకటి పడకముందు ఇల్లందు చేరాలె," అన్నాను.

టేపు పట్టి కొలిచాం. రాళ్ల మధ్య దూరాలు ఒకదానికొకటి కలవలేదు. కొన్ని మూడడుగులు, కొన్ని ఏడు. కాలక్రమంలో జరిగి ఉంటాయని పక్కన నోటు రాసుకుని ప్లానులో మాత్రం అన్నిటినీ సమానంగా గీశాను. చివరి రాయి కొత్తగా ఉంది, దాని మీద ఇంకా నాచు కూడా పట్టలేదు. అది కూడా చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. ఫైల్లో ఉన్నవి నాలుగు ఫిరంగులే, వాటికి తొమ్మిది రాళ్లెందుకనీ అనుకోలేదు. గుట్ట మీద నుంచి రేవు సగమే కనబడుతుంది, మిగతా సగానికి ఒక మిట్ట అడ్డం. కాయితం మీద ఆ మిట్టను కాస్త పక్కకు జరిపాను. తెలిసి చేశానా, తెలియక చేశానా అని మీరడిగితే ఇప్పటికీ చెప్పలేను. నా గుట్ట నాకు నచ్చింది, అంతే.

రెండు నెలలకు రాయి తయారైంది. చెక్కింది మా ఆఫీసుకు పాతికేళ్లుగా పనిచేస్తున్న ఉస్తాద్. ఆవిష్కరణ దాకా అక్షరాలు ఎవరూ చూడకూడదని రాయికి గోనెపట్టాలు చుట్టి కుట్టేశాడు. గుట్ట కిందికి ట్రాక్టరు వచ్చింది, పైకి మాత్రం మనుషులే మోయాలి. కూలీల కోసం ఎదురుచూస్తుంటే గూడెం నుంచి కోయవాళ్లు పన్నెండు మంది వాళ్లంతట వాళ్లే వచ్చారు. మోకులు తెచ్చుకున్నారు. బొంగులకు రాయిని కట్టి, వాళ్ల భాషలో ఏదో లయగా అనుకుంటూ, ఆగుతూ, మార్చుకుంటూ మధ్యాహ్నానికల్లా పైకి చేర్చారు. గుంతలో నిలబెట్టాక ఒక ముసలాయన రాయి మొదట్లో కాసిని ఇప్పపూలు పెట్టాడు. ఎంత మంచి మనుషులో, చరిత్ర అంటే ఎంత గౌరవమో అని నేను మురిసిపోయాను.

డ్రైవరు మాత్రం చెమట తుడుచుకుంటూ, "ఒక్క రాయి ఎక్కియ్యనీకే పన్నెండు మంది పానం పోయింది. ఆ రోజుల్ల ఫిరంగులెట్ల ఎక్కిచ్చిన్రో సారూ," అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను చూడండి, అదీ నా తెలివి.

ఆ పక్కనే ఒక బోర్డు పెట్టాం. రక్షిత స్థలం, ఇక్కడ తవ్వడం, రాళ్లు నాటడం, కదిలించడం నేరం. కావలికి ఒక మనిషిని పెట్టాం. ఆవిష్కరణకు ముహూర్తం నెల తర్వాత ఒక శుక్రవారానికి కుదిరింది.

ఆ వారం సోమవారం పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. గూడెం నుంచి నడిచి, టేకులపల్లిలో ఒక బస్సు, ఇల్లందులో ఇంకో బస్సు పట్టుకుని ముందురోజే ఖమ్మం చేరిందట. గుట్ట మీద రాయి పెట్టిన సారు ఎవరని అడిగింది. నేనే అని లోపలికి పిలిచాను.

"నా పెనిమిటి సచ్చిండు సారూ. ఆయన రాయి తెచ్చినం. గుట్ట కింద పడున్నది. మీ కావలాయన నిలబెట్టనిస్తలేడు."

"ఏం రాయమ్మా?"

"సచ్చినోళ్ల రాయి. మాలో మనిషి పోతే రాయి నిలబెడ్తం. గుట్ట మీద ఉన్నయన్ని మావోళ్లయే గద. ఆ కొసది మా మరిదిది, మూడేండ్లయితాంది."

నా బల్ల మీద ప్లాను పరిచే ఉంది. తొమ్మిది రాళ్లు, తొమ్మిదీ సమాన దూరంలో, స్కేలు పెట్టి గీసినవి. కూర్చోమని కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు.

"మరి మేం రాయి తెచ్చిననాడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. తప్పు నాదైనా గొంతు మాత్రం ఆఫీసరుదే వచ్చింది.

"నువ్వు అడగలే. మీవోళ్లు ఎవరో సచ్చిన్రు, మావోళ్ల పక్కన రాయి పెట్టుకుంటున్నరనుకున్నం. సచ్చినోళ్ల రాయి మోయనంటమా? నా పెనిమిటి గూడ మోసిండు. ముందల బొంగు ఆయనే పట్టిండు." నా కళ్లలోకి చూసింది. "నీ రాయికి మేం అడ్డం జెప్పలే. మా రాయికి నువ్వెందుకు అడ్డం జెప్తున్నవ్ సారూ?"

ముప్ఫై ఏళ్ల సర్వీసులో పై అధికారులు నన్ను చాలా తిట్టారు. ఏదీ గుర్తు లేదు. ఆ ప్రశ్న మాత్రం అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భయమేసింది. ఎందుకంటే ఆ శుక్రవారం తర్వాత ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఆవిష్కరణ జరిగితే నా ప్లాను ప్రకారం ఆ స్థలం గెజిట్‌కు ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే ఆమె భర్త రాయే కాదు, ఇక ఆ గూడెంలో ఎవరి రాయీ ఆ వరసలో నిలబడదు. బోర్డు రాసిందీ నేనే, గీత గీసిందీ నేనే. శుక్రవారం లోపల దాన్ని తుడిచే మనిషి కూడా నేనే కావాలి.

"ఇంటికి పో అమ్మా. నీ రాయి నిలబడతది," అన్నాను. ఎలాగో ఆలోచించకుండానే మాట ఇచ్చేశాను.

మా పెద్దసారు కృష్ణా జిల్లా వారు. మంచివారే, కానీ ప్రోగ్రాం దగ్గరపడితే మనిషి మనిషిలా ఉండరు. చెప్పిందంతా విని తల పట్టుకున్నారు.

"కార్డులు పంచేశామండీ! పెద్ద పెద్దవాళ్లు వస్తున్నారు. శుక్రవారం గండం గడవనివ్వండి, తర్వాత తీరిగ్గా చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడో మీకూ తెలుసు, నాకూ తెలుసు సార్. రాయి దించాల్సిందే."

"దించి ఎక్కడ పెడతారు? మీ నెత్తిన పెట్టుకుంటారా? అసలు స్థలం తెలుసా మీకు?"

తెలియదన్నాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూశారు. "బుధవారం మధ్యాహ్నానికి అసలు చోటు రుజువుతో సహా చూపించండి. చూపించలేకపోతే ఆ ఊసు మళ్లీ ఎత్తొద్దు. ఇంకో మాట, నేను కాయితం మీద ఏమీ రాసివ్వను."

"అక్కర్లేదు సార్. సంతకం నేను పెట్టుకుంటాను."

మంగళవారం పొద్దున మ్యాపు ఆఫీసులోనే వదిలేసి నేరుగా గూడేనికి పోయాను. ఇప్పపూలు పెట్టిన ముసలాయన, అంటే ఆ గూడెం పెద్ద, ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే ఒకమ్మాయి ఇప్పగింజలు చితక్కొడుతోంది. ఆమె చేతిలో ఉన్నది రాయి కాదు. గుండ్రటి ఇనుప గుండు, అరచేయి నిండా ఉంది.

"పెద్దయ్యా, ఇది ఎక్కడిది?"

"దున్నుతుంటే దొర్కుతయి. రేవు కాడి దిబ్బల."

"ఆడ ఫిరంగులు పెట్టిన్రా ఎప్పుడన్న?"

ముసలాయన నన్ను జాలిగా చూశాడు. "ఫిరంగులు ఆణ్ణే గద పెట్టిన్రు. మా తాతల తాతలు చెప్పిన్రు. నువ్వు గది అడగనీకొచ్చినవా? ముందుగాల్నే అడిగితే తోవలనే చూపెడుతుంటి గద!"

పక్కన మా డ్రైవరు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. "అప్పుడే అడుగుదమన్న గద" అని ఒక్క మాట అంటే బాగుండేది.

రేవుకు ఇటు ఒడ్డున, రోడ్డుకు రెండు వందల గజాల్లో, తుప్పలు కమ్ముకున్న దిబ్బ ఉంది. తుప్పలు కొట్టించి చూస్తే నాలుగు చోట్ల నేల చదును చేసి ఉంది, ముందు మట్టికట్ట. ఒక్కో చదునులో నిలబడి చూశాను. రేవు మొత్తం ఒడ్డు నుంచి ఒడ్డు దాకా కనబడుతోంది. బండ్లు తోలుకొచ్చి నేరుగా నిలిపే చోటు. నేను జీపులో నాలుగుసార్లు దాని పక్కనుంచే పోయాను. ఈసారి కొలతలు ఎట్లా వచ్చాయో అట్లాగే రాశాను, ఒక్క అడుగు కూడా సర్దలేదు. గూడెంలో ఇంటింటికీ తిరిగితే ఆరు గుండ్లు దొరికాయి. అవి, ప్లాను జీపులో వేసుకుని బుధవారం పొద్దున ఖమ్మంలో పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక గుండు చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"ఎవరు చూపించారండీ?"

"గూడెం వాళ్లు సార్."

"మొదటిసారి పోయినప్పుడు వాళ్లు లేరా?"

"ఉన్నారు సార్. నేనే లేను."

ఆయన గుండు బల్ల మీద పెట్టి, "రాయి రేవు దగ్గరుంటే నాకు అభ్యంతరం లేదు. వెళ్లండి," అన్నారు.

ఉస్తాద్‌ను జీపెక్కించుకుని ఆ మధ్యాహ్నమే గుట్ట చేరాను. కావలి మనిషిని పంపించేశాను. బోర్డు నేనే పీకాను. గూడెం వాళ్లు వచ్చారు, ఆమె కూడా వచ్చింది. గడ్డపారలు తీసుకుని రాయి మొదట తవ్వమంటే ఎవరూ కదలలేదు. ముసలాయన ముందుకొచ్చాడు.

"నిలబెట్టిన రాయిని పీకం సారూ. మీదైనా మాదైనా. మనిషి పేరు మీద పెట్టినంక అది ఇగ ఆడనే ఉండాలె."

ఇది నేను అనుకోని దెబ్బ. రెండు రోజుల్లో ఆవిష్కరణ. ఇంకో రాయి లేదు. ఉన్నదాన్ని బలవంతాన తీయించాలంటే టేకులపల్లి నుంచి కూలీలను తేవచ్చు, కానీ ఆ గుట్ట మీద వాళ్లకు ఇష్టం లేని పని ఇంకొకటి చేయడానికి నాకు మొహం లేదు.

ఆమె రాయి దగ్గరికి వచ్చి గోనెపట్టా మీద చెయ్యేసింది. "ఇది ఎవరి పేరు మీద పెట్టిన్రు సారూ? నీవోళ్లు ఎవరు?"

ఉస్తాద్ నా వైపు చూశాడు. కుట్లు విప్పమన్నాను. గోనెపట్టా జారిపోయింది. పెద్దగా చదివాను. ఫలానా దళం, నాలుగు ఫిరంగులు, ఇక్కడ నిలిచి రేవును కాచినవి.

"మల్ల మనుషులు?"

ఇంకోసారి రాయి వైపు చూశాను, మనుషుల మాట ఏమైనా నా కళ్లకు దొరక్కుండా పోయిందేమోనని. లేదు. ఫైల్లో కూడా లేదు. ఫిరంగుల సంఖ్య ఉంది, వాటి బరువుంది, గుండు ఎంత దూరం పోతుందో ఉంది. అక్కడ ఎవరు చచ్చిపోయారన్నది మేమెవరమూ అడగలేదు.

"మనుషులు లేరమ్మా. ఫిరంగుల పేరు మీదనే."

ఆమె ఆ మాట వాళ్ల భాషలో వెనక్కి తిరిగి చెప్పింది. గుట్ట గుట్టంతా నవ్వు. ముసలాయన కూడా బోసినోటితో నవ్వాడు.

"ఇనుముకు గూడ రాయి పెడ్తరా మీరు!" అని, నవ్వాపుకుని, "అయితే పీకొచ్చు," అన్నాడు.

వాళ్లతో పాటు నేనూ నవ్వాలని చూశాను కానీ రాలేదు. రాయి కిందికి దిగింది. ఎక్కినంత కష్టం లేదు.

గురువారం రేవు దగ్గర దిబ్బ మీద గుంత తవ్వించాక, రాయిని పడుకోబెట్టే ఉంచమని ఉస్తాద్‌తో చెప్పాను. అక్షరాల కింద జానెడు ఖాళీ ఉంది.

"ఇంకో లైను చెక్కాలె ఉస్తాద్. 'ఇక్కడ చనిపోయిన అందరి పేరు మీద'."

"ఆఫీసు ఇచ్చిన కాయితంల గీ లైను లేదు సారూ."

"నేనిస్తున్న. రాసుకో."

నా సంతకం చేసిన చీటీ జేబులో పెట్టుకుని ఉలి తీశాడు. పొద్దు వాలకముందే అయిపోయింది.

శుక్రవారం అనుకున్నట్టే జరిగింది. కార్లు వచ్చాయి, దండలు వచ్చాయి. పెద్దలకు గుట్టెక్కే బాధ తప్పినందుకు అందరూ సంతోషించారు. తెర తీశాక మా పెద్దసారు రాయి మీది రాత మొత్తం పెదవులు కదుపుతూ చదివారు. చివరి లైను దగ్గర ఆగి నా పక్కకొచ్చారు.

"ఇది ఎప్పుడు శాంక్షన్ అయిందండీ?"

"నిన్న సార్."

ఆయన చప్పట్లు కొట్టేవాళ్లలో కలిసిపోయారు.

ఆదివారం సెలవు పెట్టే పని లేదు కాబట్టి బస్సులో గూడేనికి పోయాను. ఆమె భర్త రాయి పైకి ఎక్కించడానికి బొంగులు కడుతున్నారు. ఖాళీగా ఉన్న చోటు చూపించి ఆమె నన్ను రమ్మంది. ముందు బొంగు దగ్గర. నాకు అప్పటికే యాభై దాటాయి, కుర్చీ ఉద్యోగం, సగం దూరానికే భుజం పచ్చిపుండైంది. వదల్లేదు. పదో రాయి తొమ్మిదో దానికి కాస్త ఎడంగా, వాళ్లకు తోచిన దూరంలో నిలబడింది. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరుగు దారిలో ఆమె, ముసలాయన రేవు దాకా నన్ను సాగనంపారు. దిబ్బ మీద రాయి దగ్గర ఆగి, ఏదో కొత్తగా చెక్కించానని విన్నామన్నారు. చదివి వినిపించాను. ఫిరంగుల సంగతి వాళ్లు పట్టించుకోలేదు. చివరి లైను ఇంకోసారి చదవమంది ఆమె.

"అందరంటే? మీదికొచ్చినోళ్లు గూడనా?"

"వాళ్లు గూడ."

ముసలాయన రాయి మొదట్లో వంగి మట్టిని చేత్తో గట్టిగా అదిమాడు. "గిప్పుడు పీకద్దు," అన్నాడు.

మరుసటి వారం మెమో వచ్చింది. అందులో రెండు ప్రశ్నలు. ఆమోదం లేని వాక్యం ఎవరి అనుమతితో చెక్కించారు? దాన్ని ఎప్పటిలోగా తొలగిస్తారు? మొదటి దానికి నా పేరు రాశాను. రెండో దానికి ఆ ముసలాయన మాటనే ఆఫీసు భాషలో రాశాను: మనుషుల పేరు మీద నిలబెట్టిన రాయిని ముట్టుకునే ఆచారం ఆ ప్రాంతంలో లేదు, కావున తొలగించడం కుదరదు. దాని మూలంగా నా ప్రమోషను రెండేళ్లు వెనక్కి పోయింది. రాయి మాత్రం ఎక్కడికీ పోలేదు.